ఏంజెల్ ముట్టుకుంటే

ఏంజెల్ ముట్టుకుంటే మిషను ఆగిపోతుందన్న మాట వార్డు దాటి, లిఫ్టు దిగి, ఆస్పత్రి క్యాంటీను దాకా వచ్చేసింది. ఇడ్లీ ప్లేటు పట్టుకుని చోటు వెతుక్కుంటున్న దేవిశ్రీ చెవిన పడింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు నర్సులు నవ్వుకుంటున్నారు.

"ఆమెను లిఫ్టు బటన్ గూడ నొక్కనియ్యకు, నడుమల్నే ఆగుతది" అంటోంది ఒకామె.

దేవిశ్రీకి నవ్వు రాలేదు. ఆ మాట పుట్టడానికి సగం కారణం తనే.

హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసుల మధ్య ఇరుక్కున్న ఆ ఆస్పత్రిలో మనుషులకు జబ్బు చేస్తే చూడ్డానికి డాక్టర్లు బోలెడుమంది. మిషన్లకు జబ్బు చేస్తే చూసేది మాత్రం బయోమెడికల్ ఇంజినీరు దేవిశ్రీ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలుండే ఎన్‌ఐసీయూలో ఒక సిరంజి పంపు పదేపదే మొరాయిస్తోందని పోయిన వారం పిలిచారు. అరచేతిలో ఇమిడిపోయే పిల్లల ఒంట్లోకి మందును కొద్దికొద్దిగా, ఆగకుండా ఎక్కించే పంపు అది. ఉన్నట్టుండి తెర నల్లబడి, కీచుమని అరిచి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. ఎవరో వచ్చి అంకెలు నొక్కేదాకా మందు వెళ్లదు. ఆ కాస్త సేపటికే పసిగుడ్డు బీపీ పడిపోతుంది. అలా జరిగిన ప్రతిసారీ పంపు మీద ఉన్న చెయ్యి నర్సు ఏంజెల్‌ది.

దేవిశ్రీ ఆ పంపును కింద అంతస్తులో ఉన్న తన వర్క్‌షాపుకు తెచ్చింది. విప్పింది, తుడిచింది, మీటరు తగిలించి రోజంతా నడిపింది. అది చక్కగా, బుద్ధిగా నడిచింది. పైకి తీసుకెళ్లి ఇచ్చేసి, "మిషన్ బాగానే ఉంది సిస్టర్" అంది.

ఇన్‌ఛార్జి సిస్టర్ రాజరాజేశ్వరి పంపు అందుకుని, డ్యూటీ మారే నర్సులందరూ చుట్టూ ఉండగానే, "అయితే బాగోలేనిది చెయ్యన్నమాట" అంది.

ఆ మర్నాడే ఏంజెల్‌ను ఎన్‌ఐసీయూ నుంచి తీసేసి, ఓపీలో బీపీలు చూడ్డానికి పంపారు. ఆమె వెళ్లాక పంపు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి? శనివారం సూపరింటెండెంటు డాక్టరు పట్టాభిరామయ్యగారి ముందు విచారణ. ఆ రోజుతో ఏంజెల్ ఉద్యోగం ఊడుతుందని క్యాంటీనులో సాంబారు పోసే అతనికి కూడా తెలుసు. పసిపిల్లల మందు ఆపిన నర్సన్న పేరు ఒకసారి పడితే, మాదాపూర్ నుంచి మియాపూర్ దాకా ఏ ఆస్పత్రీ గుమ్మం ఎక్కనివ్వదు.

దేవిశ్రీ ఇడ్లీ వదిలేసి ఓపీలోకి వెళ్లింది.

ఏంజెల్ ఒక పెద్దాయన చేతికి బీపీ పట్టీ చుడుతోంది. బోరబండ అమ్మాయి, సన్నగా చువ్వలా ఉంటుంది. మాట మాత్రం కారం. పెద్దాయనను పంపేసి, దేవిశ్రీని చూసి కూడా చూడనట్టే పట్టీ మడతపెట్టింది.

"ఏంజెల్, ఒక్కసారి మాట్లాడాలి. పంపు ఆగినప్పుడు నీ ఫోను..."

"లాకర్ల ఉంటది మేడమ్. ఫోను జేబుల పెట్టుకుని తిరుగుతనని, ఆ సిగ్నల్‌కే మిషన్ ఆగుతున్నదని రాజేశ్వరి సిస్టర్ అందరికీ చెప్పిన్రు. నా జేబుల పెన్ను, కత్తెర, బిడ్డల టోపీ. ఇంకేం లేదు." ఆమె కళ్లు దించలేదు. "మిషన్ మంచిగున్నదని మీరే అన్నరంట గద?"

"టెస్టులో బాగుంది మరి."

"మరి నా చెయ్యిని గూడ టెస్టు చేయుర్రి. ఆ మీటరేదో దీనికి గూడ పెట్టి చూడుర్రి!" అని ఏంజెల్ రెండు చేతులూ బల్ల మీద చాపింది. స్పిరిట్‌తో కడిగీ కడిగీ వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది.

దేవిశ్రీకి చెంప మీద కొట్టినట్టయింది. పంపును రోజంతా చూసింది. ఈ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పేసింది, అదీ తీర్పని తెలియకుండా.

"టెస్టు చేస్తాను" అంది. ఎలా చేస్తుందో ఆమెకే తెలియదు.

*

ఆ రోజంతా వర్క్‌షాపు చిన్నపాటి యుద్ధరంగమైంది. ముందు ఫోను సంగతి తేల్చాలి. అదే మోడలు పంపు స్పేరుది ఒకటి తీసి, సిరంజిలో నీళ్లు పోసి నడిపిస్తూ, చుట్టూ దొరికిన ఫోనులన్నీ పేర్చి ఒకదాన్నుంచి ఇంకోదానికి కాల్ చేసింది. వైఫై పెట్టె తెచ్చి పక్కన పెట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఓబులేసును బతిమాలి వాకీటాకీ పట్టుకొచ్చింది.

"ఏం మాట్లాడాలె మేడమ్ గిండ్ల?" అన్నాడు ఓబులేసు మొహమాటంగా.

"ఏదైనా మాట్లాడు. పాట పాడినా ఫర్వాలేదు."

ఓబులేసు ఒక అడుగు దూరం నుంచి "గేట్ టూ, గేట్ టూ, కారు తీయించు" అని అరిచాడు. పంపు చలించలేదు. ఏరియల్‌ను పంపుకు ఆనించి అరిస్తే తెర మీద అంకె ఒక్క క్షణం మిణుకుమంది, మళ్లీ సర్దుకుంది. ఫోనులకైతే అదీ లేదు. దేవిశ్రీ బల్ల మీద చరిచింది. ఫోను కాదు! ఉత్సాహం తన్నుకొచ్చింది. ఒక తప్పుడు దారి మూసుకుపోతే కలిగే ఆనందం రిపేరు పని చేసేవాళ్లకే తెలుస్తుంది. కానీ ఫోను కాకపోతే మరేమిటన్నది మిగిలే ఉంది.

మధ్యాహ్నం ఎన్‌ఐసీయూకు వెళ్లింది. బయట చెప్పులు విడిచి, వార్డు రబ్బరు చెప్పులు వేసుకుని లోపలికి పోబోతుంటే తలుపు దగ్గర ఒకావిడ ఆపింది. ఆ పంపు మందు అందుతున్న పాప తల్లి, ప్రవీణ. జీడిమెట్లలో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పనిచేస్తుంది.

"మేడమ్, ఏంజెల్ సిస్టర్ ఎప్పుడొస్తది?"

"ఎందుకండీ?"

"ఆమె పోయినకాడి నుంచి నా బిడ్డను నాకిస్తలేరు. ఆమె ఉన్నప్పుడు రోజూ కుర్చీల కూసోబెట్టి, పాపను నా ఛాతి మీద పెట్టేది. గట్ల పెట్టుకుంటెనే బిడ్డ బరువు పెరుగుతదంట గద. అడిగితే టైం లేదు, స్టాఫ్ లేరు అంటున్నరు."

తల్లి ఒంటి వేడి బిడ్డకు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టే ఆ పద్ధతిని నర్సులు కంగారూ కేర్ అంటారు. అందరూ చేయించాల్సిందే, కానీ గొట్టాలూ తీగలూ సర్దడం పెద్ద తతంగం. వీలు చూసుకుని తప్పించుకుంటారు. ఏంజెల్ ఒక్కతే తప్పించుకోదని ప్రవీణ మాటల్లో తేలింది.

"నేను భయపడితే ఆమెనే ముందుగాల కుర్చీల కూసునేది మేడమ్. తువ్వాలు చుట్టి బిడ్డ లెక్క పట్టుకుని, గిట్ల వెనక్కి ఒరగాలె, గిట్ల చెయ్యి పెట్టాలె అని చూపెట్టి, లేచి మిషన్ సర్ది, అప్పుడు నన్ను కూసోబెట్టేది."

దేవిశ్రీ "ఊఁ" అంది. ఆమె చూపు అప్పటికే లోపల పంపు మీద ఉంది. మనిషి చెప్పే మాట కన్నా మిషను చెప్పే మాటకే చెవి ఒగ్గే అలవాటు ఇంకా పోలేదు.

లోపల రాజరాజేశ్వరి ఒక వాలు కుర్చీని స్పిరిట్ గుడ్డతో తుడుస్తోంది. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ దసరా తర్వాత విరాళంగా ఇచ్చిన నీలం కుర్చీలవి. షాపు నుంచి వచ్చినప్పటి పాలిథీన్ కవర్లలోనే ఇప్పటికీ మెరుస్తున్నాయి.

"ఎన్నేళ్లు అడిగానో తెలుసామ్మా వీటికోసం" అంది ఆవిడ, దేవిశ్రీ అడగకపోయినా. "తల్లులు పచ్చి ఒంటితో స్టూళ్ల మీద కూర్చునేవారు. కవరు మీద చెయ్యి వేయనివ్వను ఎవర్నీ. కవరు పోతే పాలూ నెత్తురూ ఇంకి నెలకే పాడైపోతాయమ్మా." అని కుర్చీ చేతిని నిమిరింది. కఠినమైన మనిషే, కానీ ఆ నిమరడంలో ఒక తల్లి ఉంది. దేవిశ్రీ తల ఊపి, పంపు వెనక తీగలు చూసి, ఏమీ తేలక దిగి వచ్చేసింది.

*

శుక్రవారం ఉదయం దేవిశ్రీ తన అన్నయ్య రోహిత్ కారులో మియాపూర్ నుంచి బయలుదేరింది. అతని ఆఫీసు రాయదుర్గంలో, ఆస్పత్రి దారిలోనే. దీపావళికి కొన్న కారు. సీట్ల మీద కంపెనీ కవర్లు అలాగే ఉన్నాయి. కదిలితే చాలు కిర్రుకిర్రుమంటాయి.

"ఇవెప్పుడు తీస్తావు అన్నయ్యా?"

"తీస్తే కొత్త కారు పాతదైపోతుందే. నాన్నగారు టీవీ రిమోట్‌కి కవరు తీశారా ఇంతవరకూ?"

చలికాలం పొడిగాలికి పెదవులు పగులుతున్నాయి. దేవిశ్రీ రేపటి విచారణ గురించే ఆలోచిస్తూ ఆస్పత్రి ముందు కవరు మీద నుంచి జారి దిగింది. తలుపు వేద్దామని లోహం అంచు మీద చెయ్యి పెట్టింది.

ఛట్!

"అమ్మా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి కొస చురుక్కుమంది.

"నాకూ కొడుతోంది రోజూ. వైరింగ్ లోపమేమో, షోరూములో చూపించాలి" అన్నాడు రోహిత్.

దేవిశ్రీ కదల్లేదు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. వైరింగ్ కాదు. ప్లాస్టిక్ కవరు మీద రాసుకుని లేస్తే ఒంట్లో స్థిరవిద్యుత్తు నిండుతుంది, వానాకాలంలో గాలి తడికి మెల్లగా పోతుంది, ఈ చలికాలపు పొడిగాలిలో పోదు. ఒంట్లోనే ఉండి, మొదట ముట్టుకున్న వస్తువు మీద దూకుతుంది. కవరు. కుర్చీ. "ఆమెనే ముందుగాల కుర్చీల కూసునేది మేడమ్. లేచి మిషన్ సర్ది..."

"అన్నయ్యా!" అని అరిచింది. "అన్నయ్యా, నీ కారు బంగారం!"

"ఏమైందే నీకు?"

జవాబు చెప్పేంత ఓపిక ఎక్కడిది? సంచీ కారులోనే మరిచిపోయి, గేటు దగ్గర ఓబులేసు పెట్టిన నమస్కారం కూడా అందుకోకుండా పరుగు తీసింది. ఏంజెల్ వెళ్లాక పంపు ఆగకపోవడం ఏంజెల్‌కి వ్యతిరేక సాక్ష్యం కాదు. ఏంజెల్ వెళ్లాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, అంతే! పని ఎగ్గొట్టినవాళ్ల చేతులు మంచివయ్యాయి, పని చేసిన పిల్ల చెయ్యి చెడ్డదైంది. కోపమూ సంతోషమూ కలిసి రెండేసి మెట్లు ఎక్కింది.

*

ఎన్‌ఐసీయూ పక్కన తల్లిదండ్రులతో మాట్లాడే గది ఖాళీగా ఉంది. అందులోకి ఒక నీలం కుర్చీని తెప్పించి, తను తెచ్చిన స్పేరు పంపును బల్ల మీద పెట్టింది. పిల్లలున్న చోట ఇలాంటి ప్రయోగం చెయ్యకూడదు. పట్టాభిరామయ్యగారు కాఫీ కప్పుతోనే వచ్చారు. రాజరాజేశ్వరి కుర్చీ చక్రాలు గుమ్మానికి తగలకుండా తనే తోసుకొచ్చింది. ఏంజెల్‌ను కూడా పిలిపించారు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏవిటమ్మా ఈ తతంగం? రేపు ఎలాగూ కూర్చుంటున్నాం కదా" అన్నారు డాక్టరుగారు.

"రేపటిదాకా ఆగలేనండీ. చూడండి." పంపు నీళ్లు ఎక్కిస్తూ ఝుమ్మంటోంది. దేవిశ్రీ కుర్చీలో వెనక్కి వాలింది. కవరు చప్పుడు చేసింది. గబుక్కున లేచి పంపును ముట్టుకుంది.

ఏమీ కాలేదు.

మళ్లీ కూర్చుంది, కావాలని అటూ ఇటూ జరిగింది, లేచింది, ముట్టుకుంది. పంపు నిశ్చింతగా నడుస్తోంది. రాజరాజేశ్వరి పెదవి విరిచింది. డాక్టరుగారు కాఫీ చప్పరించి గడియారం చూసుకున్నారు. ఏంజెల్ తల దించుకుంది. నిన్న ఓపీలో దించని తల.

దేవిశ్రీ కుర్చీని, పంపును మార్చి మార్చి చూసింది. లెక్క తప్పా? తప్పయ్యే అవకాశమే లేదు! పొద్దున కారు దగ్గర కొట్టింది కదా. కారుకీ ఇక్కడికీ ఏమిటి తేడా? కాళ్లవైపు చూసుకుంది. దారిలో వర్క్‌షాపులో ఆగి స్పేరు పంపు తీసుకుంటూ, అలవాటు కొద్దీ మార్చుకున్న నల్ల బూట్లు. సున్నితమైన సర్క్యూట్లు ముట్టుకునేవాళ్ల కోసం చేసినవి. ఒంట్లో పుట్టిన చార్జిని పుట్టింది పుట్టినట్టే నేలలోకి దింపేస్తాయి.

"అయ్యో నా బుద్ధి!" అని నవ్వేసింది. "సర్, నా దగ్గర పంపు ఎప్పుడూ ఎందుకు బాగుంటుందో ఇప్పుడు తెలిసింది. ఈ బూట్లు వేసుకుని చూశాను కాబట్టి! నేను టెస్టు చేసింది పంపును కాదండీ, నా బూట్లను."

బూట్లు విప్పి, వార్డు రబ్బరు చెప్పులు తెప్పించుకుని వేసుకుంది. కుర్చీలో కూర్చుంది. వాలింది. లేచింది. వేలు పంపు మీదికి చాపింది.

ఛట్!

తెర నల్లబడింది. కీచుమన్న అరుపు గదిని చీల్చింది. కంపెనీ గుర్తు తెర మీద మెల్లగా వెలిగింది, అంకెలన్నీ సున్నాలు. సిరంజి ఆగిపోయింది.

"అదే! అదే చప్పుడు! నాకు గూడ గట్లనే కొట్టేది!" అని ఏంజెల్ గోడ వదిలి రెండడుగులు ముందుకు దూకింది.

"కొట్టేదా? మరి చెప్పలేదేం?" అన్నారు డాక్టరుగారు.

"అందరికీ కొడుతనే ఉంటది గద సార్ చలికాలంల, దువ్వెనకు, దుప్పటికి. గది మిషన్‌కి తగులుతదని నాకేం ఎరుక? అడిగినోళ్లు గూడ లేరు."

చివరి మాట దేవిశ్రీకే తగిలింది. తగలాల్సిందే.

రాజరాజేశ్వరి చీర కొంగు బొడ్లో దోపుకుని కుర్చీలో కూర్చుంది. లేచింది. తనే పంపును ముట్టుకుంది. ఛట్! మళ్లీ నల్లబడింది. ఇంకోసారి కూర్చోబోయి ఆగి, ఏంజెల్ వైపు చెయ్యి చాపింది.

"నీ కత్తెరివ్వమ్మా."

ఏంజెల్ జేబులోంచి కత్తెర తీసి ఇచ్చింది. ఇన్నాళ్లూ ఎవరినీ చెయ్యి వేయనివ్వని కవరును ఆవిడ కుర్చీ చేతి దగ్గర గుచ్చి, సర్రున కిందిదాకా చీల్చింది. లోపలి నీలం రంగు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. కవరును ఉండలా చుట్టి మూలకు విసిరి, చీల్చినప్పుడు పుట్టిన చార్జి పోయేలా తడి గుడ్డతో నేలా కుర్చీ తుడిపించి, ఆరనిచ్చి, మళ్లీ కూర్చుని లేచి పంపు మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. పంపు ఝుమ్మంటూనే ఉంది. మళ్లీ మళ్లీ చేసినా ఝుమ్మంటూనే ఉంది.

దేవిశ్రీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిజానికి చిన్న గంతు వేసింది కూడా.

పట్టాభిరామయ్యగారు కప్పు కింద పెట్టారు. "భేష్. చలికాలం, పొడిగాలి, స్టాటిక్. కవర్లు తీసేద్దాం, ఏసీ వాళ్లకు చెప్పి గాలిలో తేమ పెంచిద్దాం, చెప్పులు కూడా స్టాటిక్ పట్టనివి తెప్పిద్దాం. విచారణ రద్దు. వాతావరణం వల్ల జరిగిందని అనుకుందాం, పేర్లెందుకు? ఏంజెల్‌ను ఓపీలోనే ఉంచుదాం. ఉద్యోగం ఉంటుంది. గొడవ పెరగదు."

ఏంజెల్ "సరే సార్" అంది, చాలా చిన్న గొంతుతో. ఉద్యోగం దక్కింది. చెడ్డ చెయ్యన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దేవిశ్రీ గెలుపు ఒక్కసారిగా చప్పబడింది. ఏదో అనబోయింది.

ఆమె కంటే ముందు రాజరాజేశ్వరి మాట్లాడింది.

"వాతావరణం కాదండీ, నేను. కవర్లు ఉంచమన్నది నేను. ఫోనన్నది నేను. ఈ పిల్లని నలుగురిలో అన్నాను. నలుగురిలోనే చెప్తాను."

"ఎందుకు సిస్టర్, మీ సీనియారిటీకి..."

"అందుకేనండీ." ఆవిడ కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, పిడి ఏంజెల్ వైపు తిప్పి ఇచ్చింది.

*

మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ నర్సులందరూ ఎన్‌ఐసీయూ బల్ల చుట్టూ చేరారు. క్యాంటీనులో నవ్విన ఇద్దరూ ఉన్నారు. కుర్చీలన్నీ కవర్లు లేకుండా ఉన్నాయి. రాజరాజేశ్వరి ఏ బిడ్డకు ఏ మందో చెప్పడం పూర్తయ్యాక, గొంతు సవరించుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్క మాట మింగలేదు. "చెయ్యి బాగోలేదన్నాను. అది నా నోటి తప్పు. ఈ పూట నుంచి ఏంజెల్ డ్యూటీ మళ్లీ ఇక్కడే, డాక్టరుగారు ఒప్పుకున్నారు" అని ముగించింది. 

దేవిశ్రీని ఎవరూ ఏమీ అడగలేదు. ఊరికే నిలబడినా సరిపోయేది. కానీ ముందుకు వచ్చింది.

"మిషన్ బాగుందని ఈ గదిలో నేనే చెప్పాను. మిషన్‌ను వాడే మనిషిని అడగకుండా చెప్పాను. ఏంజెల్ తన చెయ్యి కూడా టెస్టు చెయ్యమంది." ఆమె ఏంజెల్ వైపు తిరిగింది. "టెస్టు చేశాను. చెయ్యి బాగుంది."

ఏంజెల్ పగిలిన వేళ్లను ఒకసారి చూసుకుంది.

అప్పుడే ఒక పంపు మోగింది. అందరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. ఏంజెల్ అప్పటికే నడుస్తోంది. దేవిశ్రీ పొద్దున నేర్పినట్టు ముందు ఒంట్లో చార్జి దిగిపోయేలా, భూమికి కలిపి ఉన్న స్టీలు కడ్డీ పట్టుకుని, తర్వాత పంపు వైపు వంగింది.

"మందు అయిపోవస్తున్నది, అంతే" అని కొత్త సిరంజి తీసింది.

"అయ్యాక ప్రవీణగారిని కూర్చోబెట్టమ్మా" అంది రాజరాజేశ్వరి. "మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూడండి. ఇకమీద అందరూ ఇలాగే చేయించాలి."

ప్రవీణ అప్పటికే గుమ్మంలో ఉంది. ఏంజెల్ తువ్వాలు చుట్టి, బిడ్డలా గుండెకు ఆనించుకుని, నీలం కుర్చీలో వెనక్కి వాలింది. "చూసిన్రా అక్కా, గిట్ల." లేచి కడ్డీ పట్టుకుంది. తర్వాత అందరూ చూస్తుండగా పంపు మీద చెయ్యి పెట్టింది.

పంపు నడుస్తూనే ఉంది. ఏంజెల్ తీగలు సర్ది, పాపను జాగ్రత్తగా ఎత్తి తల్లి గుండెల మీద పడుకోబెట్టింది.